కోడలు ఇంట్లో, సర్టిఫికెట్ కొట్లో

నాకు కోపం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. నిజమే, ఎక్కువే. కాకపోతే మా గోదావరి వైపు కోపం వచ్చినా "అండీ"తోనే వస్తుంది కాబట్టి పైవాళ్ళకి చప్పున తెలియదు. "మీ మొహం మండా, ఆ తక్కెడ కాస్త సరిగ్గా పట్టుకుంటారా అండీ" అని మా అమ్మ కూరగాయలబ్బాయితో అనడం చిన్నప్పుడు రోజూ వినేదాన్ని. నా కోపమూ ఆ బాపతే. కానీ ఇప్పుడు చెప్పబోయేది గుర్తొస్తే మాత్రం నా నోట "అండీ" రావడం కూడా కష్టంగా ఉంటుంది.

నేను ఫార్మసిస్టుని. నేను ఉద్యోగంలో చేరకముందే నా సర్టిఫికెట్ ఉద్యోగంలో చేరింది. నేను ఇంట్లో చేపలు తోముతూ కూర్చుంటే అది కొట్లో గోడెక్కి దర్జాగా పనిచేసింది. ఎందరికి ఎన్ని మందులు అమ్మిందో, ఎవరి ఒళ్ళు ఎంత గుల్ల చేసిందో నాకు తెలియదు. పేరు మాత్రం నాది.

మాది తాడేపల్లిగూడెం. మా నాన్న ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఉల్లి వాసన పోయేది కాదు. ఇంటర్ అయ్యాక నాకు మెడిసిన్ సీటు రాలేదు. ఫార్మసీలో చేరితే చుట్టాలు ఒకటే పరామర్శ. "పోన్లేమ్మా, అదీ మందులకి సంబంధించిందేగా" అని ఓదార్చేవారు. ఎవరో పోయినట్టు ఆ ఓదార్పు ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. నాకు ఆ చదువు నచ్చింది. మింగిన బిళ్ళ ఒంట్లో ఎక్కడికి పోతుంది, కాలేయం దాన్ని ఏం చేస్తుంది, ఒక మందు ఇంకో మందుతో కలిస్తే ఏమవుతుంది, ఇవన్నీ చదువుతుంటే నాకు అన్నం మీద ధ్యాస ఉండేది కాదు.

ట్రైనింగుకి ఏలూరులో ఒక పెద్దాసుపత్రిలో వేశారు. అక్కడ మందులిచ్చే కిటికీ దగ్గర ఒక సీనియర్ మేడమ్ ఉండేవారు. చీటీ చేతికి రాగానే మందులు పడేసే రకం కాదావిడ. "ఎవరికండీ ఇవి? ఇంట్లో ఇంకేం బిళ్ళలు వాడుతున్నారు?" అని అడిగేవారు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొణిగేవారు. ఒకరోజు దెందులూరు నుంచి వచ్చిన పెద్దాయన సంచిలోంచి పాత బిళ్ళలు తీయించి చూస్తే, ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు పేర్ల మందూ ఒకటే. రెండూ వేసుకుంటే ఆయన బీపీ ఎక్కడికి పడిపోయేదో! మేడమ్ ఒకటి పక్కన పెట్టేసి, పైకి వెళ్ళి డాక్టరుతో మాట్లాడి వచ్చారు. ఆ పెద్దాయన దండం పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. "రాసినవి ఇవ్వడానికి ఈవిడకి ఏడుపేంటో" అని సణుక్కుంటూ పోయాడు. మేడమ్ నవ్వేసి తర్వాతి చీటీ అందుకున్నారు. నాకు కావలసింది అచ్చంగా ఆ కుర్చీయే అని నాకు ఆరోజే తెలిసిపోయింది.

చదువు అయింది, ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయింది, సంబంధం వచ్చింది. కలిదిండి దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు వరి పండించేవాళ్ళు, ఇప్పుడు చేపల చెరువులు. పెళ్ళిచూపుల్లో నన్ను పాట పాడమనలేదు, వంటొచ్చా అని అడగలేదు. "రిజిస్ట్రేషన్ అయిందా అమ్మా?" అని అడిగారు. అదే మొదటి మాట. మా నాన్న ఆనందం చూడాలి! "చదువుకి విలువిచ్చే మనుషులే" అని మార్కెట్టంతా చెప్పుకున్నాడు. నేనూ పొంగిపోయాను. పిచ్చిమొహాన్ని, పొంగక ఏం చేస్తాను?

పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన బాబాయిగారు, అంటే నాకు చిన్నమావయ్యగారు, పూతరేకులు పట్టుకుని ఇంటికొచ్చారు. పక్క ఊరి సెంటర్లో ఆయనకి మెడికల్ షాపు ఉంది. మందుల షాపు నడపాలంటే ఫార్మసీ చదివిన మనిషి అక్కడ ఉండాలి, వాళ్ళ సర్టిఫికెట్ గోడకి ఉండాలి. ఆయన చదివింది పదో తరగతి. అందుకని ఎవరో ఒకరి సర్టిఫికెట్ అద్దెకి తెచ్చి తగిలిస్తారు. మా వైపు ఇది బహిరంగ రహస్యం కూడా కాదు, ఆనవాయితీ. అంతకుముందు ఎవరిదో ఉండేదట, అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి పట్టుకుపోయాడట. అప్పటినుంచే ఈయన ఫార్మసీ చదివిన కోడలి కోసం చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నన్ను చూసింది పెళ్ళికొడుకు ఒక్కడే కాదని.

సంతకాలు పెట్టించుకుని, నా ఫొటోలు తీసుకుని లేచారు. "నన్ను ఎప్పట్నుంచి రమ్మంటారు మావయ్యగారూ?" అని అడిగాను. మా అత్తగారు నవ్వారు, ఆయన నవ్వారు, మా ఆయన కూడా నేల చూపులు చూస్తూ నవ్వాడు.

"నువ్వెందుకు తల్లీ, ఎండలో! నీ సర్టిఫికెట్ వచ్చిందంటే నువ్వు వచ్చినట్టే. హాయిగా ఇంట్లో ఉండు" అన్నారు చిన్నమావయ్యగారు.

"మరి మందులు ఎవరిస్తారండీ?"

"ఇన్నేళ్ళ నుంచీ ఎవరిస్తున్నారు? నేనే! ఊళ్ళో నన్ను డాక్టరుగారూ అంటారు, తెలుసా?"

కొత్త కోడలిని. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను, కొన్నాళ్ళు పోయాక వెళ్ళొచ్చులే అనుకున్నాను. ఆ కొన్నాళ్ళు ఎంతకీ రాలేదు. ఇంట్లోవాళ్ళం కాబట్టి అద్దె మాట ఎత్తలేదాయన. బదులుగా చెరువు పట్టినప్పుడల్లా ఇంటికి చేపలు పంపేవాడు. నాలుగేళ్ళు నేను కళ్ళు కాయలు కాసేలా చదివిన చదువుకి అద్దె, కొరమేను. దాన్ని బూడిదేసి తోమేదీ నేనే, పులుసు పెట్టేదీ నేనే. "మా మరిదికి ఎంత అభిమానమో చూడు" అని మా అత్తగారు మురిసిపోతూ వడ్డించుకునేవారు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. ఇక్కడ కోడలి సొమ్ము మావగారి దానమైంది.

ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసిస్టు కావాలంటే ఇంట్లో చెప్పే వెళ్ళాను. వాళ్ళు అడిగినవన్నీ చెప్పాను, వాళ్ళకీ నచ్చాను. చివర్లో కంప్యూటర్లో చూసి, "మీ పేరు ఇప్పటికే ఒక షాపు మీద ఉంది మేడమ్. ఒక మనిషి రెండు చోట్ల పనిచేయకూడదు కదా. అది తీయించుకుని రండి" అన్నారు. ఒక్కచోటే పనిచేయని దాన్ని, రెండు చోట్ల ఎలా పనిచేస్తానని అడగాలనిపించింది. బస్సెక్కి కొల్లేరు మీదుగా కైకలూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఏడుపు కాదు అది, కోపమే, బయటికి రావడానికి వేరే దారి దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, నా పేరు తీసేయమని.

"ఇంటి కొట్టు కాదని ఊరి కొట్టుకి పోతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు అత్తగారు.

మా ఆయన మంచివాడు. ఆ మంచితనంతోనే నాకు చచ్చే చావు. "బాబాయికి మాటిచ్చాం కదే" అన్నాడు.

"మాట మీదండీ, చదువు నాది. మీ మాట నిలబెట్టుకోవడానికి మీ చెరువు ఇవ్వండి" అన్నాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా" అని అత్తగారు గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అక్కడితో ఆ విషయం అయిపోయిందని వాళ్ళందరూ అనుకున్నారు.

దసరా వెళ్ళిన రెండో రోజనుకుంటా, పొద్దున్నే చిన్నమావయ్యగారు బండి మీద ఊడిపడ్డారు. మనిషి చెమటలు కక్కుతున్నాడు. "అమ్మాయ్, డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారు కైకలూరులో ఉన్నారట, మనవైపే వస్తున్నారట. నీ తెల్లకోటు ఉందా? వేసుకుని గబగబా వచ్చెయ్. ఒక్క గంట కూర్చుంటే చాలు, ఆయన వెళ్ళగానే దింపేస్తాను."

పెట్టె అడుగు నుంచి కోటు తీశాను. కాలేజీలో కుట్టించుకున్నది. మడతల దగ్గర పసుపెక్కింది. అదేసుకుని ఆయన వెనకాల బండెక్కి చెరువు గట్ల మీద వెళుతుంటే, మేత బస్తాలు దింపుతున్న వాళ్ళు తలలెత్తి చూశారు. నా ఉద్యోగానికి నేను వెళ్ళడం అదే మొదటిసారి.

కొట్లో అడుగు పెట్టగానే గోడ మీద చూశాను. దేవుళ్ళ పటాల పక్కన అద్దాల ఫ్రేములో నా సర్టిఫికెట్. మూలన నా ఫొటో. దానికి బొట్టు. చుట్టూ వాడిపోయిన బంతిపూల దండ. ఆయుధపూజ చేశారట. ఫ్రిజ్జుకీ, బీపీ మిషనుకీ, బిళ్ళల అట్టలు కత్తిరించే కత్తెరకీ, నా చదువుకీ కలిపి కొబ్బరికాయ కొట్టారట. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టరు గారి కంటే ముందు ఒకావిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆవిడది, చేతివేళ్ళన్నీ ఐసుకి తెల్లగా నాని ఉన్నాయి. మొహం గుండ్రంగా ఉబ్బి ఉంది, కాళ్ళూ చేతులూ మాత్రం పుల్లల్లా ఉన్నాయి. "డాక్టరుగారూ, నడుం నొప్పికి డోసు ఇవ్వండి" అంది చిన్నమావయ్యగారితో. ఆయన కత్తెర తీసుకుని నాలుగు అట్టల్లోంచి తలా కొన్ని బిళ్ళలు కత్తిరించి పొట్లం కట్టడం మొదలుపెట్టారు. పేరున్న చోట కత్తిరిస్తే పేరు పోయింది, తారీఖున్న చోట కత్తిరిస్తే తారీఖు పోయింది. ఆవిడ ఈలోగా గోడ వైపు చూసి నిట్టూర్చింది.

"పాపం, బంగారం లాంటి పిల్ల. ఎట్టా పోయిందండీ?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మనలో దండేసిన ఫొటో అంటే పోయినవాళ్ళదే కదా!

"ఛ ఛ, పోవడమేంటి, ఊరుకో! పూజకని వేశాం. మా కోడలే. ఇదిగో, ఎదురుగా కూర్చుంది" అన్నారు చిన్నమావయ్యగారు కంగారుగా.

ఆవిడ నన్ను చూసింది, ఫొటోని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "మరి ఇన్నాళ్ళ నుంచీ వస్తున్నాను, ఈయమ్మని ఎన్నడూ చూళ్ళేదే" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆవిడ మీద కాదు. ఆవిడ ఒక్కతే ఆ కొట్లో నిజం మాట్లాడింది. లేచి దండ పీకి చెత్తబుట్టలో పడేశాను. బొట్టు కోటు కొసతో తుడిచేశాను. తర్వాత ఆయన చేతిలో పొట్లం తీసుకుని బల్ల మీద విప్పాను. ఒక నొప్పి బిళ్ళ, ఒక గ్యాసు బిళ్ళ, ఒక విటమిను. నాలుగోది తెల్లటి చిన్న బిళ్ళ. స్టెరాయిడ్. దానివల్లే గంటలో నొప్పి మాయమవుతుంది, దానివల్లే ఈయన డాక్టరుగారయ్యాడు. దానివల్లే ఆవిడ మొహం అలా ఉబ్బింది.

"మీకు షుగరుందా అమ్మా?" అన్నాను.

"ఈమధ్యే వచ్చిందన్నారండీ."

"ఈ డోసు రోజూ వేసుకుంటున్నారా?"

"ఏసుకోపోతే షెడ్డులో నిలబళ్ళేనమ్మా. అయినా ఇవన్నీ ఎందుకు, కొంటానంటుంటే?"

"ఇందులో ఉన్న ఒక బిళ్ళ వల్లే మీకు షుగరొచ్చి ఉంటుంది. అలాగని ఇవాళ టక్కున మానేస్తే అంతకంటే ప్రమాదం. కైకలూరు వెళ్ళి డాక్టరుకి చూపించుకోవాలి. ఆయన కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఏం వాడుతున్నారో ఆయనకి తెలిసేలా నేను కాయితం మీద రాసిస్తాను." అప్పటిదాకా ఆగడానికి, ఆ రోజుకి సరిపడా ఆ తెల్లబిళ్ళ చేతిలో పెట్టాను. రెండూ కలిస్తే కడుపులో పుండు పడుతుందని నొప్పి బిళ్ళ తీసేశాను.

ఆవిడకి కోపం వచ్చింది. చిన్నమావయ్యగారికి ఇంకా ఎక్కువ వచ్చింది. "అమ్మాయ్, నువ్వు కూర్చోవడానికి వచ్చావు" అన్నారు పళ్ళ బిగువున. ఇంకేమనేవారో, ఇంతలో కారు ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు దిగారు.

ఆయనకి కొబ్బరిబొండాం ఇచ్చారు, ఫ్యాను ఇటు తిప్పారు. ఆయన ఫ్రిజ్జు తెరిచి చూశారు, బిల్లులు తిరగేశారు, ఫొటో చూశారు, నన్ను చూశారు. నా కోటు మీద మడతలు కూడా చూశారనుకుంటా.

"రోజూ వస్తారా మేడమ్?"

చిన్నమావయ్యగారి కళ్ళు నా మీదే ఉన్నాయి. రావడం లేదంటే కొట్టు మూతపడుతుంది, ఇంట్లో నా బతుకు బస్టాండవుతుంది. వస్తున్నానంటే ఆ పొట్లాలన్నీ నేనే కట్టినట్టు. అయినా నా నోరు ఎవరి కోసం ఆగింది?

"ఇవాళ్టి నుంచి వస్తానండీ" అన్నాను.

ఆయన బొండాం కింద పెట్టారు. చిన్నమావయ్యగారు "హెహె, మా కోడలు తమాషాగా మాట్లాడుతుందండీ" అన్నారు.

"తమాషా ఏముందండీ, మంచిదే. నేను మళ్ళీ చెప్పకుండా వస్తాను. అప్పుడు కూడా మేడమ్ గారు ఈ కుర్చీలోనే కనపడాలి" అని ఆయన వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరగ్గానే చిన్నమావయ్యగారు బండి తాళాలు తీశారు. "పదమ్మా, దింపేస్తాను."

"మీరు వెళ్ళి భోంచేసి రండి మావయ్యగారూ. కొట్టు నేను చూసుకుంటాను."

"అదేంటి?"

"ఇన్‌స్పెక్టరు గారు చెప్పారుగా అండీ."

కుర్చీలోంచి లేవలేదు. లేస్తే మళ్ళీ కూర్చోనివ్వరని నాకు తెలుసు. దాహమేసినా లేవలేదు. మధ్యాహ్నం దాటాక మా అత్తగారు పంపితే మా ఆయన వచ్చాడు. కొట్టు ముందు బండాపి, దిగకుండా, "ఇంటికి రావే, జనం చూస్తున్నారు" అన్నాడు మెల్లగా.

"చూడనివ్వండి. చూడ్డానికేగా నా ఫొటో ఇక్కడ పెట్టింది."

ఆయన బండి దిగి, ఎదురు కొట్లో సోడా తాగి, నాకొకటి పంపి వెళ్ళిపోయాడు. ఆయన నా తరఫున చేసింది అంతే. అదైనా చేశాడు.

ఆ రోజు నుంచి రోజూ వెళ్ళాను. వంట చేసి, కోటు సంచిలో పెట్టుకుని, నా పాత స్కూటీ మీద. అత్తగారు నాతో మాట్లాడడం మానేశారు, కొరమేనులు రావడం మానేశాయి. నాకు రెండూ ఇబ్బందిగా అనిపించలేదు. కత్తెర దాచేశాను. అట్ట అట్టగా ఇవ్వడం, మందు ఎవరికో అడగడం, డాక్టరు చీటీ లేకపోతే ఇవ్వకూడనివి ఇవ్వకపోవడం. ఒకాయన తన రొయ్యల చెరువులో చల్లడానికి మనుషులు వేసుకునే యాంటీబయాటిక్ డబ్బాలు డబ్బాలు అడిగాడు. ఇవ్వనంటే, "మీ మావగారు ఎప్పుడూ కాదనలేదండీ" అని ఎంతో మర్యాదగా నన్ను తిట్టి పోయాడు. జనం పల్చబడ్డారు. "ఆవిడ పోలీసోళ్ళలా అడుగుద్దండీ" అని బస్‌స్టాపు దగ్గర ఇంకో షాపుకి పోవడం మొదలుపెట్టారు. చిన్నమావయ్యగారు బయట బల్ల మీద కూర్చుని ఖాళీ కొట్టుని చూసుకుంటూ గడ్డం గోక్కునేవారు. నేను టీకి లేచినప్పుడు వెనక నుంచి పొట్లాలు అందిస్తున్నారని తెలిసి టీ కుర్చీలోనే తాగడం మొదలుపెట్టాను.

రొయ్యల షెడ్డు ఆవిడ తిట్టుకుంటూనే కైకలూరు వెళ్ళింది. డాక్టరు రాసిన కాయితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఏ వారం ఎంత తగ్గించాలో చెప్పి, చదువు రాదంటే పొట్లాల మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసిచ్చాను. మొహంలో వాపు కొద్దికొద్దిగా తగ్గింది. "నొప్పి మాత్రం చంపేత్తందమ్మా" అనేది ప్రతిసారీ. నమస్కారం మాత్రం పెట్టలేదు. నాకు అక్కర్లేదు. నేను కోరుకున్న ఉద్యోగమే అది, సణుగుడుతో సహా.

సంక్రాంతి ముందు ఒకరోజు చిన్నమావయ్యగారు ఇంటికొచ్చారు, మళ్ళీ పూతరేకులతో. ఆ పూతరేకులు చూడగానే ఈసారి ఏం పట్టుకుపోవడానికో అనుకున్నాను. "నీకు శ్రమ తగ్గించేశానమ్మా. వేరే సర్టిఫికెట్ దొరికింది. నీ పేరు తీయించేశాను. ఇక నీ ఇష్టం, ఏలూరు పోతావో ఎక్కడికి పోతావో" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మా అత్తగారు నెలల తర్వాత నాతో నోరు విప్పి, "ముదినేపల్లి వాళ్ళ కోడలట. బుద్ధిమంతురాలు. గడప దాటదట" అన్నారు.

చెప్పుతో కొట్టినట్టయింది. నన్ను తీసేసినందుకు కాదు, అంత తేలిగ్గా తీసేయగలిగినందుకు. కుర్చీ నాది అనుకున్నాను. కుర్చీ ఎప్పుడూ నాది కాదు, గోడ మీది మేకు ఒక్కటే నాది. ఇప్పుడు అదీ ఇంకొకరిది.

ఏలూరు ఆసుపత్రివాళ్ళని మళ్ళీ అడిగాను, రమ్మన్నారు. ఈసారి ఇంట్లో ఎవరూ వద్దనలేదు, అడ్డుపెట్టడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. చేరేముందు నా సర్టిఫికెట్ తెచ్చుకుందామని కొట్టుకి వెళ్ళాను. స్కూటీ ఆపుతుంటే మెట్ల మీంచి రొయ్యల షెడ్డు ఆవిడ దిగుతోంది. చేతిలో పాత రకం పొట్లం. నన్ను చూసి కొంగు చాటున పెట్టుకుంది.

"ఆ డాక్టరు దగ్గరైతే పొద్దంతా కూర్చోవాలమ్మా, ఒక రోజు పని పోద్ది. ఈయనైతే చిటికెలో ఇచ్చేత్తాడు" అంది, నేను ఏమీ అడగకుండానే. మొహం మళ్ళీ గుండ్రంగా అవుతోంది.

లోపలికి వెళ్ళాను. కత్తెర బల్ల మీద ఉంది. గోడ మీద కొత్త ఫ్రేము, అందులో నూనె రాసి దువ్విన జడతో ఒక అమ్మాయి. నాకంటే చిన్నది.

"ఆవిడకి మళ్ళీ అదే ఇచ్చారేంటండీ? మీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానే! మనిషి చచ్చిపోతుందండీ!" గొంతు ఎంత పైకి లేచిందో, ఎదురు కొట్టువాళ్ళు బయటికొచ్చారు.

చిన్నమావయ్యగారు తాపీగా నా సర్టిఫికెట్ న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. "నీది నీకిచ్చేశాను కదా తల్లీ. ఇంక ఈ కొట్లో నీకేం పని?"

ఏం పని? నిజమే, నాకేం పని లేదు. ఈ కొట్లో పని ఉన్నది ఒక్క మనిషికే, ఆ మనిషి గడప దాటదట. స్కూటీ ఎక్కి ఇంటివైపు తిప్పబోయి ముదినేపల్లి వైపు తిప్పాను. దారంతా చిన్నమావయ్యగారిని తిట్టాను, పైకే తిట్టాను, ఎదురొచ్చిన మేత లారీ డ్రైవరు తననే అనుకుని తిరిగి తిట్టాడు. ఆ ఊరు చేరి, ఫార్మసీ చదివిన కోడలు ఎవరింట్లో ఉందని అడిగితే మూడో మనిషి చూపించాడు.

తలుపు తీసింది ఫొటోలో అమ్మాయే. చేతులకి మినప్పిండి.

"ఎవరు కావాలండీ?"

"మీరేనండీ. మీ ఫొటో చూసి వచ్చాను."

"నా ఫొటోనా? ఎక్కడండీ?"

"మందుల షాపులో."

ఆ అమ్మాయి గబుక్కున బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "ఏ ఊళ్ళో అండీ? సంతకం పెట్టించుకున్నారు కానీ, ఏ ఊరో నాకు చెప్పలేదు."

అన్నీ చెప్పాను. ఊరు, సెంటరు, కొట్టు, కత్తెర, పొట్లం. షెడ్డు ఆవిడ గురించీ, ఆ తెల్లబిళ్ళ గురించీ చెప్పాను. ఈ పిల్ల బెదిరిపోతుంది, లోపలికి పారిపోతుంది అనుకుంటూనే చెప్పాను. ఆ అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎన్నాళ్ళ నుంచి వాడుతోందండీ? తగ్గించడం మధ్యలో ఆపేసి మళ్ళీ పూర్తి డోసుకి వెళ్ళిందా? గ్యాసు బిళ్ళ ఇస్తున్నారు సరే, ఎముకలకి ఏమైనా ఇస్తున్నారా?" అంది. అడుగుతుంటే ఆ గొంతులో కోపం వినిపించింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ ఏమీ అడగని మనిషి అడుగుతున్నట్టు అడిగింది.

"అక్కడ నన్ను కూర్చోనిస్తారాండీ?"

"కూర్చోనివ్వరమ్మా. గొడవవుతుంది. మీ ఇంట్లో కూడా అవుతుంది" అన్నాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

ఆ అమ్మాయి పిండి చేతులు చూసుకుంది. గుమ్మం పక్కన కుళాయి తిప్పి కడుక్కుని, పమిటకి తుడుచుకుంది. తలుపు కొంచెం తోసి, "అత్తయ్యగారూ, పొయ్యి మీద పాలున్నాయి, కాస్త చూడండి" అని కేకేసి, చెప్పులు వేసుకుంది.